సాంచల చప్పుడుకు పడుకున్న బాబిన్

ఒక కుక్కను కుదురుగా పడుకోబెట్టబోయి నేను కరెంటు దొంగనయ్యాను. ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా దాచుకుందామనే అనుకున్నాను. కానీ మా గల్లీలోకి కూరగాయలు అమ్మవచ్చే ఆమె కూడా దీన్ని నాకంటే రసవత్తరంగా చెబుతోందని ఈ మధ్యే తెలిసింది. ఆమె నోట నేను ఇంకా ఏమేమి అవుతానో తెలియదు కాబట్టి, జరిగింది జరిగినట్టు నేనే చెప్పుకోవడం మేలు.

కోరుట్ల బస్టాండులో కంట్రోలర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి నేను. ఇప్పుడు జగిత్యాలలో ఉంటున్నాం. ఏ బస్సు ఎప్పుడు రావాలో, ఎప్పుడు కదలాలో చూసి చూసి, లోకంలో ప్రతిదీ ఒక పద్ధతి ప్రకారం కదలాలని నాకు గట్టి నమ్మకం ఏర్పడింది. రిటైరయ్యాక కదిలించడానికి బస్సులు లేవు. ఇంట్లో ఉన్నది మా ఆవిడ లలిత ఒక్కతే. అందుకని ఆమెను కదిలించడం మొదలుపెట్టాను. పప్పు పొయ్యి మీదికి ఎక్కడం ఆలస్యమైతే వంటింటి గుమ్మంలో గడియారం చూసుకుంటూ నిలబడేవాణ్ణి. బస్సు లేటైతే డ్రైవర్ ముందు నిలబడ్డట్టే.

రెండేళ్ల కిందట లలితకు మోకాలి ఆపరేషన్ అయింది. వాకర్ పట్టుకుని ఇంట్లోనే నడవమన్నాడు డాక్టర్. నడిస్తేనే కాలికి పట్టు దొరుకుతుంది, పడిందంటే మాత్రం కథ మళ్లీ మొదటికొస్తుంది అని హెచ్చరించాడు. ఆమెను చూడడానికి సిరిసిల్ల నుంచి ఆమె తమ్ముడు శీను వచ్చాడు. ఇలాంటప్పుడు ఎవరైనా బత్తాయిలు తెస్తారు. అతను కుక్కను తెచ్చాడు.

“అక్కకు జర పొద్దు పోతది బావ,” అన్నాడు.

శీనుకు సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు ఉంది. అక్కడ వాటిని సాంచలంటారు. ఈ కుక్క ఆ సాంచల కిందనే పుట్టి పెరిగిందట. అందుకని నూలు చుట్టే కండె పేరే దానికి పెట్టి, బాబిన్ అన్నారు. కుక్కపిల్ల అని చెప్పి తెచ్చాడు గానీ, అప్పటికే అది చిన్న దూడంత ఉంది. దాని నాలుగు కాళ్లూ ఒకేసారి నేల మీద ఆనడం మొదటి వారంలో నేను చూడలేదు. తోక ఊపితే ఒళ్లంతా ఊగేది, ఒళ్లు ఊగితే పక్కనున్న స్టూలు పడేది. దసరా ముందురోజు బస్టాండులో ఎటు చూసినా జనమే ఉన్నట్టు, మా ఇంట్లో ఎటు చూసినా అదే.

“ఇది నీ మీదికి ఒక్కసారి దుంకిందంటే మోకాలు మళ్ల కోయాలె. సిరిసిల్లకు పంపిస్త,” అన్నాను.

“పంపియ్. దాని పక్క సీట్ల నన్నుగూడ కూసోవెట్టు,” అంది లలిత.

లలిత ఊరికే అనే మనిషి కాదు. పైగా ఆపరేషన్ తర్వాత ఆమె పళ్లు కనబడేట్టు నవ్వింది ఈ కుక్కను చూసే. ఇక నాకు దారి ఒక్కటే. శీను మళ్లీ వచ్చేలోగా దీన్ని కుదురుగా చేయాలి, లేదంటే అతని వెంట పంపేయాలి. ఈ మాటకు లలిత కూడా సరేనంది. ఆమె అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు.

చప్పుళ్లకు కుక్కలు బెదిరి గంతులేస్తాయని ఎక్కడో చదివాను. వెంటనే ఇంట్లో నిశ్శబ్దం అమలు చేశాను. టీవీ బంద్. కాలింగ్ బెల్లు వైరు పీకేశాను. పాలాయన కేక వేయకుండా గేటు దగ్గర చేయి ఊపాలని చెప్పాను. ఆయన ఊపీ ఊపీ, ఎవరూ చూడక, పాలతో సహా వెళ్లిపోయాడు. కుక్కర్ కూత వేయబోయే ముందు పొయ్యి ఆర్పే డ్యూటీ నాది.

“అన్నం పలుకుంది,” అంది లలిత.

“మెల్లగ మాట్లాడు. అది పండుకున్నది.”

“పండుకోలేదు. నీ చెప్పు తింటుంది.”

లలిత నడిచే వేళకు మాత్రం బాబిన్‌ను వెనక గదిలో పెట్టి గొళ్లెం వేసేవాణ్ణి. లోపల అది తలుపును గోకుతుంటే, మూసిన పెట్టెలో పిడుగును దాచినట్టుండేది. నిశ్శబ్దం పెరిగినకొద్దీ దాని గంతులూ పెరిగాయి.

ఒకరోజు శీను ఫోన్ చేశాడు. నేను స్పీకర్ పెట్టాను. వెనక నుంచి సాంచలు టకాటకా టకాటకా మోగుతున్నాయి. నా కళ్లజోడు నోట కరుచుకుని హాలు చుట్టూ పరుగెడుతున్న బాబిన్ ఠక్కున ఆగింది. కళ్లజోడు వదిలేసింది. ఫోన్ దగ్గరికొచ్చి, గుండ్రంగా ముడుచుకుని, గురక పెట్టింది.

“బావ, ఇనవడుతుందా? సాంచల కాడున్న. బయటికి పోత ఆగు,” అన్నాడు శీను.

“పోకు. ఆడనే ఉండు. మాట్లాడకు.”

“మాట్లాడకుంటె ఫోనెందుకు బావ?”

“ఫోన్ సాంచ మీద వెట్టు.”

రిటైరైనంక బావకు ఏమన్నా అయిందా అని ఆ సాయంత్రం అతను అక్కకు విడిగా ఫోన్ చేసి అడిగాడట.

తెలివైనవాడైతే ఆ చప్పుడును ఫోన్‌లో చిన్నగా పెట్టుకుని ఊరుకునేవాడు. నేను పద్ధతి గలవాణ్ణి. శీను చేత సాంచల చప్పుడు దండిగా రికార్డు చేయించాను. పెళ్లిళ్లకు సౌండ్ బాక్సులు కిరాయికిచ్చే పాత స్నేహితుడొకడు కోరుట్లలో ఉన్నాడు. అతని దగ్గర్నుంచి బీరువా అంత నల్లటి డబ్బా ఒకటి ఆటోలో తెప్పించి వరండాలో నిలబెట్టాను. పొద్దున షిఫ్టు, మధ్యాహ్నం షిఫ్టు అని వేళలు కూడా నిర్ణయించాను. పక్కన కుర్చీ వేసుకుని, బటన్ మీద వేలు పెట్టుకుని, విమానం నడిపేవాడిలా కూర్చున్నాను.

బాబిన్ తడి గొంగడి ఆరేసినట్టు చాచుకుని పడుకుంది. నేను గెలిచాను. కాకపోతే నేనూ లలితా సైగలతో మాట్లాడుకోవలసి వచ్చేది. చెవుల్లో పత్తి పెట్టుకున్నాను.

నా గెలుపు నా గోడ దాటి గల్లీలోకి వెళ్లిందని నాకు తెలియదు. పక్కింటి రాజవ్వ వచ్చి ఏదో అడిగింది. చెవుల్లో పత్తి ఉంది కదా, మర్యాదగా తల ఊపాను. ఆమె సంతోషంగా వెళ్లి కోడలిని తీసుకొచ్చింది. పత్తి తీస్తే అప్పుడు వినబడింది.

“మా కోడలు కండెలు మంచిగ చుడుతది సారూ. రేపటి నుంచి పనికి రమ్మన్నవు గదా, ఇయ్యాల్నే తోలుకొచ్చిన.”

తువ్వాళ్లు షాపు రేటుకా, మిల్లు రేటుకా అని ఎదురింటాయన అంతకు ముందే అడిగాడట. దానికీ తల ఊపానట.

ఇంకేముంది, వారం తిరగకముందే కరెంటాయన వచ్చాడు. పడుచువాడు, మర్యాదస్తుడు. మీటరు దగ్గర వంగి చూశాడు, నా వైపు చూశాడు, మళ్లీ మీటరు చూశాడు.

“సార్, ఇంటి మీటరు మీద సాంచలు నడుపుతున్నరని మాకు కంప్లెయింట్ ఉన్నది.”

“సాంచలు లేవు నాయనా.”

“చప్పుడు ఇనవడుతుంది గదా సార్. నాలుగన్న ఉంటయి. కాని మీటరు జూస్తె ఒక ఫ్యాను తిరిగినంత గూడ తిరుగుతలేదు. అంటే స్తంభం తీగకు హుక్కు వెట్టిన్రు. మధ్యాహ్నం పనోళ్ల తిండికి గంటసేపు బంద్ వెడుతున్నరని గూడ చెప్పిన్రు.”

“బంద్ పెట్టేదే లేదు. పొద్దందాక మోగుతనే ఉంటది. ఇది మా కుక్క కోసం.”

అతను చాచుకుని పడుకున్న బాబిన్ వైపు చూశాడు.

“కుక్క నేస్తదా సార్?”

ఇక రుజువు చూపించక తప్పలేదు. బటన్ నొక్కి చప్పుడు ఆపాను. గల్లీ అంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టు నిశ్శబ్దమైంది. బాబిన్ కళ్లు తెరిచింది. కొత్త మనిషి కనబడగానే ఒక్క ఎగురు ఎగిరి, అతని జేబులోని స్క్రూడ్రైవర్ లాక్కుని లోపలికి దూకింది. సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి లలిత వాకర్‌తో హాల్లోకి అడుగుపెట్టింది.

“లలితా, గోడకు ఆనుకో” అని అరుస్తూ పరుగెత్తాను. నాలుగడుగుల్లో ఆమెను చేరేవాణ్ణే. సౌండ్ బాక్సు వైరు కాలికి చుట్టుకుంది. ఆ రోజు మా ఇంట్లో కిందపడ్డ మనిషిని నేనొక్కణ్ణే.

పడ్డచోటి నుంచే చూశాను. బాబిన్ స్క్రూడ్రైవర్‌ను లలిత కాళ్ల దగ్గర పెట్టింది. పక్కకు జరిగి వాకర్‌కు ఆనుకుని నిలబడింది. ఆమె ఒక అడుగు వేసింది. అదీ ఒక అడుగు వేసింది. ఆమె ఆగితే ఆగింది. పెళ్లికూతురిని మండపానికి తెచ్చే మేనత్తలా, తొందర లేకుండా, ఆమెను గుమ్మం దాకా తీసుకొచ్చింది.

“ఇదెప్పటి సంది?” అన్నాను నేల మీది నుంచి.

“నువ్వు మధ్యాహ్నం చెవుల్ల పత్తి వెట్టుకొని కుర్చీలనే పండుకుంటవు గదా. అప్పుడు నీ డబ్బ బంద్ వెట్టి మేమిద్దరం పెరట్ల నడుస్తం, నడిచినంక మళ్ల మోగిస్త. మొదట తాడు గట్టి దూరంగ నడిపిచ్చిన. నేను నడిచినప్పుడల్ల గదిల ఏసి గొళ్లెం వెడితె అది దుంకక ఏం జేస్తది? నడిపిస్తె నడుస్తది.”

పనోళ్ల తిండి విరామం ఎవరిదో అప్పుడు నాకూ కరెంటాయనకూ ఒకేసారి అర్థమైంది. అతనింకా ఒక సందేహం మిగిలిన ముఖంతో ఉన్నాడు.

“అయితె అమ్మా, ఇది డబ్బ లేకున్న కుదురుగనే ఉన్నది. మరి మళ్ల ఎందుకు మోగిస్తున్నరు?”

లలిత నన్నొకసారి, వైర్లనొకసారి చూసింది.

“కుక్క కోసం గాదు తమ్మీ. ఆ డబ్బ మోగినంతసేపే ఈయన వంటింట్లకు రాకుంట ఒక్క కాడ కుదురుగ కూసుంటున్నడు.”

కరెంటాయన నవ్వు ఆపుకోవడానికి మీటరు వైపు తిరిగాడు. ఏమీ రాసుకోలేదు. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగాడు.

“అమ్మా, మా నాయిన గూడ మొన్ననే రిటైరైండు. ఆ రికార్డింగు నా ఫోన్‌కు పంపుతరా?”

పంపించింది.

కాబట్టి చదువరులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నేను బతికుండగా మళ్లీ ఏ కుక్కనూ, పిల్లినీ, భార్యనూ కుదురుగా ఉంచే బాధ్యత నెత్తిన వేసుకోను. మా ఇంట్లో కుదురు లేనిది ఎవరికో ఇప్పుడు కరెంటు ఆఫీసుకు కూడా తెలుసు. మందు కూడా వాళ్ల దగ్గర ఉంది.