తడవకూడని మోటారు

మా మామగారికి బావిలోని మోటారంటే ప్రాణం. బావి లోపల ఇటుక దిమ్మె కట్టించి దాన్ని దానిమీద కూర్చోబెట్టారు. గట్టి వాన పడితే చాలు, తింటున్న అన్నం ముందునుంచి లేచి వెళ్ళి, నీళ్ళు దిమ్మె దాకా రాకముందే తాళ్ళు కట్టి పైకి లాగించేవారు. ఒక తుపానప్పుడు మాత్రం ఆయన ఊళ్ళో లేరు. మోటారు మునిగి కాలిపోయింది. బాగుచేయించి మళ్ళీ పెట్టారుగానీ, ఆ దిగులు ఆయన్ని వదల్లేదు.

అరవైల చివర్లో ఒక ఏడాది వానలు మొహం చాటేశాయి. నీళ్ళు బావి అడుగుకి జారిపోయి, పైనుంచి పీల్చే మోటారుకు అందడం మానేశాయి. మిరపతోట పూతమీద ఉంది, తడి లేకపోతే పూతంతా రాలిపోతుంది. నీళ్ళలో మునిగి ఉండి పనిచేసే కొత్తరకం మోటారుని మా పుట్టింటి ఊళ్ళో చూసొచ్చి, అదే కొనాలని నేను పట్టుబట్టాను.

"మునిగి కాలిపోయేదాన్ని చూశాం గానీ, మునిగి పనిచేసేదాన్ని ఎక్కడా చూళ్ళేదమ్మా" అన్నారు అత్తగారు. అయినా నా మాటే నెగ్గింది. ఇక నీళ్ళు రాకపోతే ఆ మాట నేను ముసలిదాన్నయ్యేదాకా వినాలి.

మోటారు దింపే రోజు పొద్దున్నే మా చంటాడి కింద వేసే రబ్బరు గుడ్డ కనబడలేదు. ఇల్లంతా వెతికి, పక్కలన్నీ తడిసిపోయి, నేను అసలే చిర్రుబుర్రులాడుతున్నాను. చిలకలూరిపేట నుంచి ఫిట్టర్ వచ్చి, మోటారుకు మొదటి పైపు బిగించి, బావిమీద మూడు దుంగలు నిలబెట్టి వేలాడదీశాడు.

"ఇది ఎప్పుడూ నీళ్ళలోనే ఉండాలండి. అడుగున బురదకి తగలకూడదు. నీళ్ళు లేకుండా తిప్పారా, మాడిపోద్ది" అని మామగారికి చెప్పి భోజనానికి ఇంటికొచ్చాడు. మామగారు రాలేదు. కాపలా ఉంటానన్నారు.

ఫిట్టర్ తిరిగి వెళ్ళేసరికి మామగారు పాలేళ్ళ చేత మోటారుని నీళ్ళలోకి దింపించేశారు. పని తేలికైందని అతనూ సంతోషించి, మిగతా పైపులు కలిపి స్విచ్చి వేశాడు. మోటారు గుయ్యిమంది. పైపు చివర మాత్రం ముక్కు కారినట్టు నాలుగు చుక్కలు పడ్డాయి.

"తిరగేసి తిరుగుతున్నట్టుందండి" అని ఫిట్టర్ వైర్లు మార్చాడు. అవే నాలుగు చుక్కలు. అత్తగారు నావంక చూశారు. ఆ చూపే చాలు. తోటవైపు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

"పైకి లాగండి" అన్నాన్నేను, కాస్త గట్టిగానే.

"ఎందుకమ్మాయ్, రేపు చూద్దాం" అన్నారు మామగారు. కోడలి దగ్గర ఆయన నీళ్ళు నమలడం నేనెప్పుడూ చూడలేదు. పట్టువదలకుండా లాగించాను.

మోటారు పైకొచ్చింది. పై నుంచి కింది దాకా మా చంటాడి రబ్బరు గుడ్డ చుట్టి, పురికొసతో బిగించి కట్టి ఉంది. నీళ్ళు లోపలికి పోవాల్సిన జల్లెడ కూడా దానికిందే ఉండిపోయింది.

ఫిట్టర్ నోరు తెరిచాడు. "ఏంటండీ బాబాయ్ ఇది?"

"నువ్వు చెప్పింది విన్నానయ్యా" అన్నారు మామగారు, తల వంచుకుని. "ఇన్నేళ్ళూ తడవకుండా కాపాడుకున్న చేతులు. ఊరికే నీళ్ళలో వదల్లేకపోయాయి."

ముందు నవ్వింది అత్తగారే. కొంగు నోటికి అడ్డుపెట్టుకున్నా ఆగలేదు. నా కోపం ఎటుపోయిందో, నేనూ నవ్వేశాను. ఫిట్టర్ గుడ్డ కోసి తీసేసి, వైర్లు మొదటిలా కలిపి, మళ్ళీ దింపాడు. ఈసారి పైపులోంచి నీళ్ళు దూకి కాలవలో పడ్డాయి. తోటలో మొదటి సాలు తడిసేదాకా ఎవరం కదల్లేదు.

పూత నిలిచింది. ఆ ఏడు కాయ కళ్ళంలో ఎర్రగా పరుచుకుంటే అత్తగారు మా పుట్టింటి ఊరిని తెగ మెచ్చుకున్నారు. మామగారు పేట నుంచి చంటాడికి కొత్త రబ్బరు గుడ్డ తెచ్చారు.

ఆ తర్వాత పడిన మొదటి వానకు ఆయన అన్నం ముందునుంచి లేచారు. "మునగాల్సిన మోటారే కదా మామయ్యా" అన్నాను.

"తెలుసమ్మాయ్" అన్నారు ఆయన, గొడుగు తీసుకుని బావివైపు వెళ్తూనే.