చిన్న గ్లాసుడే పోస్తారు

నా చిన్నప్పుడు, అంటే డెబ్బైల నాటి సంగతి, మా ఇంట్లో ఒళ్లున్న పిల్లవాడంటే మా తమ్ముడే. చెల్లి కడుపున పడగానే వాడికి అమ్మ పాలు మాన్పించి గంజికి మళ్లించారు. రెండేళ్లు నిండేసరికి బుగ్గలు ఉబ్బాయి, పాదాలు బన్నుల్లా తయారయ్యాయి. వెంట్రుకలు ఎర్రబడినా, ఆటలు మాని మూలన కూర్చుని ఏడుస్తున్నా మాకు అనుమానం రాలేదు. మా అవ్వ రోజూ దిష్టి తీసేది. ఒక్క అవ్వను అని ఏం లాభం, మేమంతా ఆ ఒంటిని చూసి మురిసిపోయినవాళ్లమే.

మాది పెనుకొండ దగ్గర పల్లె. తమ్ముడికి భేదులు పట్టుకుని వదలకపోతే నాయన హిందూపురం ఆసుపత్రిలో చేర్చాడు. అమ్మ పచ్చి బాలింత. నాయన పగలు మండీలో మూటలు మోసి రాత్రికి వచ్చేవాడు. అందుకని తొమ్మిదేళ్ల నన్ను వాడి మంచం దగ్గర పెట్టారు.

అక్కడ ఒక నర్సమ్మ ఉండేది. మొదటి రోజే తమ్ముడి పాదాన్ని బొటనవేలితో నొక్కి చూపించింది. వేలు తీసినా గుంట అట్లే ఉండిపోయింది. నా కాలు నొక్కితే గుంట పడలేదు.

"ఇది కండ కాదు పాపా, నీళ్లు. సరైన తిండి లేక వచ్చిన వాపు. గుణమయ్యేటప్పుడు ముందు ఈ నీళ్లు దిగిపోతాయి, పుల్ల మాదిరి అయితాడు. అప్పుడు భయపడాకండి. మీ ఇంట్లోవాళ్లకు నువ్వే చెప్పల్ల" అంది.

పాలల్లో చక్కెర, నూనె కలిపి చిన్న గ్లాసుతో రెండు గంటలకోసారి, రాత్రి కూడా తాగించేది. ఇంతేనా అని అడిగాను. "ఎండిన మడికి ఒక్కసారే నీళ్లిడిస్తే గట్టు తెగతాది" అంది.

ఆరో రోజుకు వాపు దిగి ఎముకలు బయటపడ్డాయి. కానీ ఆ పొద్దే వాడు గ్లాసు కోసం తనంతట తను చెయ్యి చాపాడు. నర్సమ్మ సంబరంతో నా జడ పట్టి లాగింది. నా మనసు మాత్రం ఊళ్లో ఉంది. చెనిక్కాయ పెరికేశారు, నా ఈడు పిల్లలంతా వేరుశనగ చేలల్లో మిగిలిపోయిన కాయలు పరిగె ఏరుకుంటున్నారు.

ఆ మధ్యాహ్నమే బస్సు దిగి అవ్వ వచ్చింది. వాణ్ని చూసి గుండెలు బాదుకుంది. "గుండు మాదిరి ఉన్న పిల్లోని ఇట్ల చేసినారే! కడుపుకేమన్నా పెడతాండారా లేదా?" అని నన్నడిగింది.

"చిన్న గ్లాసుడే పోస్తారవ్వా" అన్నాను.

ఎన్నిసార్లు పోస్తారో చెప్పలేదు. వాపు సంగతీ చెప్పలేదు. చెబితే ఇంకా అక్కడే ఉండాల్సి వస్తుందని నాకు బాగా తెలుసు.

ఇంకో వారం ఉంచమని నర్సమ్మ బతిమాలింది. "మీరు ఎండబెట్టింది చాలమ్మా, మా ఇంట్లో సంగటికి కరువు లేదు" అని అవ్వ వాణ్ని చంకనేసుకుంది. అవ్వ మాటకు నాయన ఎదురు చెప్పే మనిషి కాదు. "నువ్వు చెప్పలేదా పాపా?" అని నర్సమ్మ నన్ను చూసింది. నేను తలెత్తలేదు. ఆమె ఆ పూట పాలు తాగించి పంపింది.

ఇంటికొచ్చాక అవ్వ తన ప్రేమంతా ముద్దలు చేసి వాడి నోట్లో పెట్టింది. నేను పరిగెకు పోయాను. నాలుగో రోజు ఒడినిండా కాయలతో తిరిగొస్తే మా వాకిట్లో జనం ఉన్నారు.

ఆసుపత్రోళ్లు ఎండబెట్టి చంపినారని అవ్వ ఊరంతా చెప్పింది. ఆ మాట నమ్మి, పిల్లలకు ఎంత జబ్బు చేసినా ఆసుపత్రి గడప తొక్కని ఇళ్లు మా ఊళ్లో చాలా ఏళ్లున్నాయి. అదీ నా పాపమే.

"ఆ నర్సమ్మ నీతో ఏమన్నా చెప్పిందా?" అని అమ్మ ఒకే ఒక్కసారి అడిగింది. లేదన్నాను.

ఇప్పుడు ఎవరేమడిగినా తెలిసిందంతా చెప్తాను, అడగనిది కూడా. నన్ను టైమడిగితే గడియారం పుట్టుక చెప్తానని నా మనవరాళ్లు ఎగతాళి చేస్తారు. చేయనీ. ఆ రోజు అమ్మకు నిజం చెప్పి ఉంటే తిట్టేది, కొట్టేది, ఆ తర్వాత ఎప్పటికో దగ్గరకు తీసుకునేది. అమ్మ వెళ్లిపోయింది. ఆ మూడూ నాకు దక్కలేదు.