అవ్వ తమలపాకు తీగ

నిన్న తిరుచానూరు దారిలో ఒక నర్సరీలో తమలపాకు తీగను ముట్టుకోబోయాను. చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. నా ఈడు ఆడవాళ్లకు కారణం చెప్పాలా? నెలసరిలో తాకితే తీగ మాడిపోతుందని మీ ఇళ్లలోనూ అనేవాళ్లు కదా!

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, మండే ఎండల్లో, అవ్వ వారం రోజులకని పూతలపట్టులో కూతురింటికి బయల్దేరింది. "మే, తీగకు రెండు పూటలా నీళ్లు పొయ్యి. ఎండిందంటే సూడు!" అని బెదిరించి మరీ పోయింది. మర్నాడే నేను దూరమయ్యాను. అమ్మ అప్పటికే దూరం. నాయన ఊళ్లో లేడు.

రెండో రోజు మధ్యాహ్నానికి ఆకులు వేలాడిపోయాయి.

"పోస్తే సస్తాదంటారు. పొయ్యకపోతే సచ్చేది నా కండ్లకే కనిపిస్తా ఉండాది," అంటూ అమ్మ చెంబు నా చేతికిచ్చింది.

దూరం నుంచే చెయ్యి చాచి పోశాను. ఆ వారమంతా పొద్దున్నే లేచి, ఏ ఆకు నల్లబడిందోనని తాకకుండా వంగి వంగి చూశాను.

అవ్వ వచ్చి, సంచి కూడా దించకుండా తీగ దగ్గరికే పోయింది. నేను తలుపు వెనకాల నుంచి తొంగిచూశాను. తీగ కొసన లేత చిగురు!

"మంచి చెయ్యి మే నీది! ఇంక దినమూ నువ్వే పొయ్యి."

అమ్మ తలెత్తకుండా బియ్యం ఏరుతూనే ఉంది.

ఆ తర్వాత ఏ నెలలోనూ నేను నీళ్లు మానలేదు, అవ్వకు చెప్పనూ లేదు. పోయేదాకా అవ్వ ఆ ఆకులే నమిలింది.