రెండు మీటర్ల బొంద

మీటరు మా బడిలోకి వస్తుంటే నేను బయటికి పోతున్నాను. గుమ్మంలో ఎదురుపడ్డామంతే, పరిచయం కుదరలేదు. ఊళ్లో చాలామంది సంగతీ అదే. బట్టల కొట్టు సేటు ఇనుప గజం తీసేసి మీటరు కర్ర పెట్టినా, "రెండు గజాలియ్యి సేటూ" అనే అడిగేవాళ్లం.

మా అన్న ఊరందరికంటే పొడుగు. ఇంట్లో ఏ మంచమూ చాలక కాళ్లు ముడుచుకుని పడుకునేవాడు. "దేవుడు నిన్ను కొల్వకుండనే కోసిండన్నా" అని ఏడిపించేవాణ్ణి. పటాన్‌చెరు దగ్గర కొత్తగా లేచిన ఫ్యాక్టరీలో పనికి కుదిరాక, కామెర్లు వచ్చి పోయాడు.

ఫ్యాక్టరీలో కోస్తా నుంచి వచ్చిన వడ్రంగి ఉన్నాడు. ప్యాకింగు చెక్కతో శవపెట్టె ఆయనే చేశాడు. "పెట్టె రెండు మీటర్లండి, గొయ్యి దానికి తగ్గట్టు తవ్వించండి" అన్నాడు. ఆ మాటే పోయి బొందలు తవ్వే తాతకు చెప్పాను.

"మీటరంటే గజమే గదరా. పేరు మార్చిండ్రు, గంతే" అని తాత చేయి చాపి రెండు గజాలకు నాలుగు మూరలు కొలిచి, పైన నాలుగు వేళ్లు కలిపి గీత గీశాడు.

పాస్టరు ప్రార్థన ముగించాడు. పెట్టెను దించితే కాళ్ల వైపు దిగింది, తల వైపు అంచు మీద ఆగిపోయింది. పైకి లాగి మళ్లీ దించాం. మళ్లీ అక్కడే.

మోసినవాళ్లలో ఒకాయన, షిఫ్టు టైమైతున్నదని రోడ్డు వైపు చూస్తూ, "కాళ్లకాడ చెక్క జెర కోస్తే అయిపాయె" అన్నాడు.

"కొయ్యకుండ్రి" అంది అమ్మ. "బతికినన్ని దినాలు ముడుసుకునే పండిండు నా కొడుకు. ఇప్పుడన్న కాళ్లు సాపుకోనియ్యుండ్రి."

పెట్టెను మట్టి పక్కన పెట్టాం. తాత గడ్డపార తీసుకుని బొందలోకి దిగాడు. తల వైపంతా రాయే.

"ఇంకెంతరా?" అన్నాడు తలెత్తకుండా.

నాకేం తెలుసు? తాడు తెచ్చి పెట్టె పొడుగునా పట్టి, ముడి వేసి, బొంద మీద చాపాను. కొస మిగిలింది.

"గింత, తాతా."

తాత కొడుతుంటే రాయి పెచ్చులు పెచ్చులుగా లేచింది. మోసినవాళ్లలో ఒక్కరు తప్ప అందరూ అమ్మకు చేతులు జోడించి షిఫ్టుకు పోయారు. "అందర్ని నవ్విస్తవు గదరా, ఏదన్న మాట్లాడు" అన్నాడు తాత రొప్పుతూ. నేను వంగి పెచ్చులు ఏరి పక్కన పోశాను.

పాస్టరు చొక్కా చేతులు పైకి మడిచి ఒక తాడు పట్టాడు. ముడి ఉన్న తాడు నేను పట్టాను, అవతలి కొసలు తాతా, మోసినవాళ్లలో మిగిలినాయనా పట్టారు. పెట్టె ఈసారి ఎక్కడా తగలకుండా దిగింది.

అమ్మ అంచు దాకా వచ్చి వంగి చూసింది.

"సక్కగ పండిండా?"

"పండిండమ్మా."