పుస్తెల పక్కన బిళ్ళ

కన్నతల్లి నాకు ఊహ తెలియకముందే పోయింది. ఆమె ముఖం నాకు గుర్తులేదు. ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదు. ఉన్నదల్లా నన్ను పెంచిన అమ్మ మెడలో, పుస్తెల పక్కన వేలాడే చింతగింజంత బంగారు బిళ్ళ. రెండో భార్యగా వచ్చిన ఆమె, చనిపోయిన మొదటి భార్య పేర అలాంటి బిళ్ళ చేయించి మెడలో వేసుకోవడం వాకాడు దగ్గర మా ఇళ్ళలో ఆనవాయితీ. వేసుకోకపోతే పోయినామె వచ్చి పీడిస్తుందని పెద్దల భయం. పెళ్ళినాడే పట్టుబట్టి అమ్మకు ఆ బిళ్ళ వేయించింది మా మేనత్త, నాన్నకు అక్క.

భయంతో వేసుకున్న బిళ్ళతో అమ్మ చుట్టరికం కలిపేసుకుంది. కొత్త చీర తెచ్చుకుంటే మడత విప్పకముందే దానికి బిళ్ళ ఆనించి, "ముందు నువ్వు కట్టుకో అక్కా" అనేది. ఆ తర్వాతే తాను కట్టుకునేది. నేను పదో తరగతి పాసైనప్పుడు నాన్నకంటే ముందు బిళ్ళకే చెప్పింది.

"నీ కూతురు పాసయింది అక్కా. లెక్కల్లో మాత్రం నీ మొగుడి పోలికే."

నాన్న పక్కనే ఉండి వినీ విననట్టు పేపరు తిరగేశాడు. నేనేం తక్కువ తిన్నానా? మా అమ్మ మెడలో మా అమ్మ ఉంటుందని బడిలో అందరి దగ్గరా గొప్పలు పోయేదాన్ని. నిజానికి బిళ్ళ మీద కంసాలి కొట్టిన ముఖంలో పోలికంటూ ఏమీ లేదు. కళ్ళకు రెండు చుక్కలు, నోటికి ఒక గీత, అంతే. అయినా కన్నతల్లి ముఖమంటే నాకు అదే.

పోయిన ఏడాది కోతల కాలంలో నాన్న చనిపోయాడు. పెద్దకర్మ నాడు పుస్తెలు తీయడానికి ఆడవాళ్ళంతా అమ్మ చుట్టూ చేరారు. పిండిబొమ్మను చేసి పీట మీద కూర్చోబెట్టినా ఆడబిడ్డతనానికి అదిరదిరి పడుతుందంటారు. మా మేనత్త ప్రాణమున్న మనిషాయె, పెత్తనమంతా ఆమెదే. అమ్మ మెడలో తాడు తెంపించి, పుస్తెలూ బిళ్ళా కలిపి పాలచెంబులో వేయించింది.

"అన్నీ కలిపి కంసాలికి ఇచ్చేయండి, కరిగించేస్తాడు. మొగుడే లేనప్పుడు ఇంక సవతేంది?" అంది.

ఆ బిళ్ళ కరిగిపోతే నా కన్నతల్లికి ఈ లోకంలో ముఖమే ఉండదు. వద్దని అరవబోయాను. పొద్దుటినుంచి తల ఎత్తని అమ్మ అప్పుడు కదిలింది. పాలచెంబులో చెయ్యి పెట్టి, వెతికి, బిళ్ళను బయటికి తీసింది. పమిట చెంగుతో తుడిచింది.

"పుస్తెలు ఆయనవి, తీసుకోండి. ఇది మాత్రం ఇయ్యను వదినా."

"ఏంది మే, కొత్త ఆచారం పెడతా ఉండావా?"

"మొగుడు పోతే సవతి లేకుండా పోతాదేమో. బిడ్డ ఉండాది గదా. బిడ్డ తల్లి యాడికి పోతాది?"

నాన్న పోయిన దుఃఖం ఒకపక్క ఉండగానే, నాకు ఒళ్ళంతా గర్వంతో నిండిపోయింది. నేను ఈమె పెంచిన కూతుర్నని ఊరంతా వినబడేలా చెప్పాలనిపించింది. నా మెడలోని గొలుసు తీసి, దానికి బిళ్ళ ఎక్కించి, అందరి ముందూ అమ్మ మెడలో వేశాను.

మేనత్త దగ్గరికి వచ్చింది. తిడుతుందనే అనుకున్నాను. ఆమె వంగి బిళ్ళను వేళ్ళతో పట్టుకుంది.

"ముఖం లోపలికి తిరిగుండాదే. అందరికీ కనపడేటట్టు ఏసుకో," అని తనే దాన్ని ఇవతలికి తిప్పింది.