ఓటేసిన వేలికి టీటీ ఇంజెక్షను

పోయిన వారం ఇదే రైల్లో నా వేలికి కట్టు చూసి మీరంతా అయ్యోపాపం అన్నారు కదా! కిటికీ పక్కన సీటు కూడా ఇచ్చినారు. ఆ అయ్యోపాపం వాపసు తీసుకోండప్పా. ఆ వేలికి ఏమీ కాలా. గీత కూడా పడలా. కానీ దానికి నేను టీటీ వేయించుకున్నా, ఇంట్లో పరువు పోగొట్టుకున్నా. టీ తీసుకోండి, ఈ దినం నాది. బంగారుపేట వచ్చేలోపల మొత్తం చెప్పేస్తా.

మా ఆవిడ సెల్విది కేజీఎఫ్ కదా, పుట్టింట్లో తమిళం. మాది బేతమంగళ పక్క పల్లె, తెలుగు. పెండ్లయినాక మా ఇంట్లో భాషలు అవంతట అవే సర్దుకున్నాయి. బాగుంటే తెలుగు. అంగడికి పోతే కన్నడ. కోపమొస్తే తమిళం. ఆమె "ఇంగ పారుంగ", అంటే "ఇట్ల చూడండి" అనిందంటే చాలు, నేను చెప్పులు యాడుండాయా అని వెతుక్కుంటా.

ఈతూరి మా వార్డులో పంచాయితీ ఎలక్షన్‌కు నిలబడింది ఇద్దరే. ఒకరు రాజమ్మత్త. సెల్వికి సొంత చిన్నమ్మ. మా ఊరికి కోడలుగా వచ్చి, అక్క కూతుర్ని నాకు కట్టబెట్టింది ఆమేనే. ఇంగొకడు గోవిందు. నా చిన్నప్పటి దోస్తు. వాడూ నేనూ ఒకే సైకిల్ మింద ఇస్కూలుకు పోయినోళ్ళం. ఇప్పుడు చెప్పండి, నేనేం చేసేది?

పెద్ద తెలివిగల ఐడియా వేసినాను. ఓటేసే దినం పొద్దున్నే తిండి తింటా సెల్వితో అన్నాను.

"చూడు సెల్వీ, నీ ఓటు అత్తకు. నా ఓటు గోవిందుకు. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇంగ ఆ ఎండలో లైన్లో నిలబడేది యాలకు? ఇద్దరమూ పోవద్దు. సరిపోయిందా?"

ఆమె గరిటె పక్కన పెట్టింది. "చిన్నమ్మ బేజారు చేసుకుంటాది గదా?"

"ఎవురికి తెలుస్తాది? తలనొప్పి అని చెప్పు."

"నువ్వు పోవు గదా?"

"నీ మిందొట్టు!"

ఐడియా నాది, ఒట్టు నాది. గుర్తుపెట్టుకోండి.

సాయంత్రం పట్టుపురుగులకు ఆకు కోసుకొస్తానని మల్బరీ తోటకు బయల్దేరినాను. తోటకు దారి ఇస్కూలు ముందరే. ఇస్కూల్లోనే బూత్. అంత దూరంలో గోవిందు చేతులు కట్టుకోని నిలబడుండాడు. మొగం చూడాల, పాపం! రెండు వారాలుగా తిండీ నిద్రా లేక చిక్కిపోయినాడు. నన్ను చూసి పరిగెత్తుకోని వచ్చి చేతులు పట్టుకున్నాడు.

"అన్నా, నీ ఓటు ఇంగా పడలేదంట? టైమ్ అయిపోతా ఉండాది!"

"అదే... వస్తానే ఉండా గదా..." అనేసినాను.

ఏం చెప్పేది? ఇట్ల మా ఆవిడకు మాటిచ్చినా అని చెప్పేకయితాదా? లోపలికి పోయినాను, ఏసినాను, వచ్చినాను. బయట కొడవలి పట్టుకోని చూసుకుంటే ఎడమచేతి వేలిమింద ఇంకు! నల్లగా, నిగనిగలాడతా! అబ్బా, ఇది ఒకటుండాది అనేదే మర్చిపోయినా చూడండి!

తోట దగ్గర బోరు కింద రుద్దినాను. మట్టేసి రుద్దినాను. నిమ్మకాయ రుద్దినాను. గోరు పక్కన ఎర్రగయింది గానీ ఇంకు పోలా. కడాకు పంచె అంచు చించి కట్టు కట్టేసినాను. ఇంటికి పోయి "కొడవలి తగిలింది" అన్నాను.

అప్పుడు ఆమె తిట్టింటే బాగుండు. తిట్టలేదప్పా! "అయ్యో, శానా తెగిందా? నొప్పా?" అని కండ్లనీళ్ళు పెట్టుకునింది. నన్ను కూర్చోబెట్టి తనే ఆవు పాలు పిండింది. సంగటి ముద్ద మామూలుకన్నా పెద్దది చేసి, నాకిష్టమని ఆకుకూర ఉడికిన నీళ్ళతో బస్సారు చేసి పెట్టింది. అంతా తెలుగులోనే! ఒక్క తమిళం మాట లేదు!

పొద్దున్నే ఇంగొకటి మొదలయింది. "కొడవలికి తుప్పుండాది. టీటీ వేయించుకో." వద్దంటే వినలా. బండి తీయమనింది, ఎనక కూర్చుంది, ఆస్పత్రికి తీసకపోయింది. లోపల నర్సమ్మ కట్టు ఇప్పింది. చూసింది. నన్ను చూసింది. మళ్ళా వేలిని చూసింది.

"ఏమప్పా, ఈ గాయం అయిదేండ్లకొకతూరి అవుతాది గదా?"

"అమ్మా తల్లీ, మెల్లగా! మా ఆవిడ బయటే ఉండాది. మళ్ళా కట్టేసేయండమ్మా!"

"కట్టేదయితే కట్టేస్తా. ఇంజెక్షను యాలకు?"

"ఏసేయండి. ఏయలేదంటే ఆమె లోపలికి వచ్చి అడుగుతాది!"

నర్సమ్మ నవ్వాపుకోలేక ఏసింది చూడండి ఒక పోటు, జబ్బ ఎత్తలేకపోయినాను. ఓటేసిన వేలుకు నొప్పి లేదు, ఏమీ చేయని జబ్బ ఊదిపోయింది! ఆ కట్టునే మీరు రైల్లో చూసింది.

ఇంగ లెక్కింపు దినం. నేను లీవు పెట్టి ఇంట్లో ఉండా. మధ్యాహ్నం కబురు వచ్చింది. గోవిందు గెలిచినాడు. ఎన్నోట్లతో? ఒక్క ఓటు! సెల్వి వంటింట్లో కింద కూర్చోని ఏడుస్తా ఉండాది.

"నా వల్లనే పోయింది. నేను పోయి ఏసింటే సమానమయి ఉండు. ఇప్పుడు చిన్నమ్మకు మొగం ఎట్ల చూపించేది?"

అప్పుడన్నా నోరు మూసుకోని ఉండొచ్చు గదా? ఉండలేదే! పక్కన కూర్చోని, తల నిమిరి, గొంతులో తేనె పోసుకోని చెప్పినాను. "నీ తప్పేముంది సెల్వీ? నేను మాత్రం ఏసినానా? ఇద్దరమూ మాట మింద నిలబడినాము. అది గొప్ప గదా!"

అంటా ఉండగానే వీధిలో తమట డప్పుల సద్దు. ట్రాక్టరు మింద గోవిందు, మెడలో దండలు, చేతిలో మైకు. సీదా మా ఇంటి ముందరే నిలిపినాడు!

"అన్నా! యాడున్నావన్నా? బయటకు రా! కడా టైములో వచ్చి నువ్వేసిన ఓటే నన్ను గెలిపించింది! వదినా, అన్నను నీ చేతులతో దండేసి పంపించు!"

మైకులో! ఊరంతా వినేటట్ల!

సెల్వి లేచింది. నా చెయ్యి పట్టుకునింది. కట్టు ఇప్పింది. నేను కండ్లు మూసుకోని తమిళం కోసం కాచుకోని కూర్చున్నా. అదీ రాలేదు. "వెరీ గుడ్," అనింది. అంతే! ఆ పొద్దునుంచి ఇంగ్లీషు. "యువర్ కాఫీ." "యువర్ టవల్." తమిళమన్నా తిరిగొస్తే చాలు దేవుడా అనిపించింది నాకు.

రెండు దినాలకు కండిషను చెప్పింది. నేనే రాజమ్మత్త ఇంటికి పోయి నిజం చెప్పి తప్పొప్పుకోవల్లంట. సరే, మామిడిపండ్లు తీసుకోని పోయినాను. అత్త పాలు పోసే దానికి డెయిరీకి పోయుండాది. వరండాలో మామ ఒక్కడే కూర్చోనుండాడు. ఆయన కాలు పట్టుకున్నంత పని చేసినాను.

"మామా, తప్పయిపోయింది. నా ఓటు గోవిందుకే ఏసినాను."

మామ అటూ ఇటూ చూసినాడు. నా చొక్కా పట్టి దగ్గరకు లాగినాడు. "నీకేమన్నా మతి ఉండాదా అల్లుడా? ఏస్తే ఏసినావు, చెప్పేదెందుకు? నేనూ వాడికే ఏసినాను. చెప్పుకుంటా తిరుగుతుండానా?"

"మామా! పెండ్లాన్ని పెట్టుకోని!"

"అది గెలిచిందనుకో, పొద్దున లేస్తే మీటింగు. ఆవులు ఎవురు చూసేది? సంగటి ఎవురు గెలికేది? నేనేనా? నోరు మూసుకోని పండ్లు అక్కడ పెట్టి పో. ఈ మాట మూడో మనిషికి తెలిసిందా, నిన్నూ నన్నూ ఇద్దర్నీ తరిమేస్తాది!"

సచ్చినా చెప్పనని మామకు ఒట్టేసి వచ్చినాను. సెల్వి "మామ వాట్ సెడ్?" అని అడిగితే కూడా చెప్పలా. అంత గట్టిగా...

ఏమప్పా, అట్ల చూస్తారు? అయ్యో... అయ్యయ్యో! మీకు చెప్పేసినానే! ఒరే శేఖరా, నీ పెండ్లాం రాజమ్మత్త మహిళా సంఘంలోనే గదరా ఉండేది? ఆ ఫోను జేబులో పెట్టరా నాయనా, ఇంగో టీ చెప్తా!