మిల్లు పట్టిన శ్రుతి

అన్ని పల్లెలకూ ఇంకా కరెంటు రాని ఆ కాలంలో మా తెనాలి వైపు మనుషుల చెవులకు తీరిక ఎక్కువ. ఎంత దూరాన ఏది మోగినా వినపడేది. వినపడిన ప్రతిదానికీ మా అమ్మమ్మ దగ్గర ఒకటే మాట ఉండేది: రొద. మునగపూల చుట్టూ తిరిగే తుమ్మెదలది రొద. కాలవగట్టున నీళ్లు తోడే ఇంజనుది రొద. బళ్లో పిల్లలు ఎక్కాలు వల్లిస్తే రొద, వానకు కప్పలు అందుకుంటే రొద, భోజనమయ్యాక తాతయ్య అరుగు మీద గురకపెడితే అదీ రొదే. ఓసారి బాపట్ల తీసుకెళ్లి సముద్రం చూపిస్తే ఆవిడ కాసేపు చెవి ఒగ్గి, "ఇదీ రొదేరా, కాకపోతే ఆపేవాళ్లు లేరు" అంది. ఎవరైనా ఒకే కోరిక పట్టుకుని వదలకపోతే "రొద పెట్టకు" అని విసుక్కునేది. తుమ్మెదా, తాతయ్యా, సముద్రమూ ఒకే మాటలో ఎలా ఇమిడారా అని నేను తెగ ఆశ్చర్యపోయేవాణ్ని. (ఆశ్చర్యపోవడం తప్ప అప్పట్లో నాకు వేరే ఉద్యోగం లేదు.)

ఆ సంగతి అందరికంటే ముందు కనిపెట్టినవాడు మా మామయ్య. ఆయన సన్నాయి విద్వాంసుడు. అమృతలూరు నుంచి రేపల్లె పక్క నగరం దాకా పెళ్లంటే ఆయన మేళమే. పందొమ్మిదేళ్లొచ్చినా ఖాళీగా తిరుగుతున్న నన్ను పట్టుకెళ్లి చేతికి ఒత్తు ఇచ్చాడు. ఒత్తు అంటే చూడటానికి సన్నాయి లాంటిదే, కానీ పాట పలకదు. సన్నాయి ఎన్ని వంకర్లు తిరిగినా పక్కన కూర్చుని ఒకే స్వరాన్ని గుంయ్‌మని పట్టి ఉంచుతుంది. అదే శ్రుతి. అది తెగకూడదు. బుగ్గల్లో గాలి బయటికి పోతూ ఉండగానే ముక్కుతో కొత్త గాలి పీల్చుకోవాలి. చెంబెడు నీళ్లలో బొప్పాయి కాడ పెట్టి, బుడగలు ఆగకుండా ఊదుతూ నెలల తరబడి సాధన చేశాను. "ఇన్నాళ్లకు వీడి రొదకు ఒక దారి దొరికింది" అని అమ్మమ్మ సంతోషించింది.

అరవైల చివర్లో అనుకుంటాను, పిట్టలవానిపాలెం దాటాక ఒక పల్లెలో పెళ్లి ఒప్పుకున్నాం. పెళ్లికూతురి తండ్రికి ఊళ్లోనే బియ్యం మిల్లు ఉంది. ఊరంతా ఆయన్ను మిల్లు బాబాయి అనేవారు. పెళ్లికొడుకు వాళ్లది రేపల్లె. వాళ్లతో పాటు రేపల్లె సన్నాయి విద్వాంసుడు కూడా చుట్టంగా వచ్చాడు. మామయ్యకు ఆయనతో ఏళ్ల తరబడి పోటీ. (మా మేళంలో ఆయన పేరు బుగ్గలాయన. ఆ బుగ్గల్లో ఊపిరి కాకుండా ఒక కాపురమే పట్టేది.) ఆయన ముందు ఒక్క అపస్వరం పలికితే చాలు, వచ్చే ముహూర్తాలన్నీ రేపల్లెకు తరలిపోతాయని మామయ్యకు తెలుసు. పెళ్లిరోజు తెల్లవారకముందే లేచి, ఒత్తు పీకలన్నీ కడిగించి, మా విడిది వాకిట్లో చేట మీద ఎండబెట్టించాడు. పీక అంటే వాయిద్యానికి మూతి దగ్గర పెట్టే రెల్లుముక్క. అది లేకపోతే ఒత్తు కట్టెతో సమానం. సన్నాయి పీక దానికి నప్పదు.

ఆ పీకల్ని మేక తినేసింది. నమ్మనివాళ్లు మానేయండి, నాకేం నష్టం లేదు. నేను చూసేసరికి చివరి పీక సగం దాని నోట్లోంచి వేలాడుతోంది. నన్ను చూసి అది కూడా మింగింది.

హార్మోనియం ఏదైనా దొరుకుతుందేమోనని పరిగెత్తాను. ఊళ్లో ఉన్న ఒక్క హార్మోనియం లూథరన్ బడి మేష్టారిది. ఆయన ఇంటికి తాళం వేసి బంధువుల ఊరు వెళ్లారు. తిరిగొచ్చి చెబితే మామయ్య నన్ను తిట్టలేదు. దానికే భయమేసింది. సన్నాయిని గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు.

"శ్రుతి లేకుండా ఊదడమంటే మొలతాడు లేకుండా గోచీ పెట్టుకోవడమేరా. నేను ఊదను."

సరిగ్గా అప్పుడు విడిదికి వెనక నుంచి గుంయ్‌మని ఒక మోత లేచింది. పెళ్లివంటకు తక్కువైన బియ్యం కోసం మిల్లు డ్రైవరు ఇంజను తిప్పాడు. గుడ్డ చుడుతున్న మామయ్య చేయి ఆగింది. తల పక్కకు వాల్చి, కళ్లు మూసుకుని, సన్నాయి మళ్లీ బయటికి తీసి సన్నగా ఒక్క స్వరం పలికించాడు.

"ఒరేయ్, కాస్త ఎక్కువైంది కానీ ఇది మన శ్రుతేరా" అన్నాడు.

అంతలో ఆ కాస్త బియ్యం ఆడటం అయిపోయి మిల్లు ఆగిపోయింది. ముహూర్తం వేళకు మళ్లీ తిప్పమని అడగడానికి మిల్లు బాబాయి దగ్గరకు వెళ్లాం. ఆయన మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"కూతురి పెళ్లి పీటల మీద ఉంటే మిల్లు ఆడించమంటారేంటయ్యా? ఈయనకి పెళ్లిలోనూ వడ్ల గోలేనా అని ఊరంతా నవ్వదూ?"

మామయ్య తలదించుకున్నాడు. ఆ పక్కనే పసుపు కలుపుతున్న బాబాయి వాళ్ల తల్లి మాత్రం చేయి ఆపలేదు. "తలంబ్రాల బియ్యం ముహూర్తం వేళకి తాజాగా ఆడించాలని చెప్పరా. కాదనే మగాడెవడు?" అంది. బాబాయి పురోహితుడి వంక చూశాడు. ఆయనకు అవతల ఇంకో పెళ్లి ఉంది. తలూపేశాడు.

తర్వాత జరిగింది నాలాంటివాడు చెబితే ఎవరూ నమ్మరు, అయినా చెబుతాను. తొట్టిలో వడ్లు ఎక్కువ పోస్తే ఇంజను బరువెక్కి శ్రుతి దిగేది, తగ్గిస్తే ఎక్కేది. నేను గంప పట్టుకుని మిల్లు గుమ్మంలో నిలబడ్డాను. పందిట్లోంచి మా డోలు వాయించేవాడు చేయి కిందికి చూపిస్తే గంప వంచడం, పైకి చూపిస్తే ఎత్తడం. ఒళ్లంతా తవుడు, ముక్కునిండా తుమ్ములు. కానీ ఏళ్ల తరబడి ఊది ఊది తెచ్చుకోలేని నిలకడ ఆ గంపతో వచ్చేసింది. మామయ్య కల్యాణి రాగం అందుకున్నాడు. అంత గొప్పగా ఆయన ముందూ వాయించలేదు, తర్వాతా వాయించలేదు.

మంగళసూత్రం ఎత్తబోయే వేళకు వడ్లు అయిపోయాయి. నేను ఖాళీ గంప చూపించాను. డోలు అతను బిక్కముఖం వేశాడు. తొట్టి ఖాళీ అవుతున్నకొద్దీ శ్రుతి మెల్లమెల్లగా పైకి పోతోంది. మామయ్యకు ఆపే వీల్లేదు. ఆయనా దాని వెంటే పడ్డాడు. మిల్లు ఎక్కితే ఆయన ఎక్కాడు, మెడ నరాలు తాళ్లయ్యాయి. చివరికి ఇద్దరూ ఎక్కడికి చేరారో ఆ దేవుడికే తెలియాలి. సరిగ్గా అక్కడ తాళి పడింది, గట్టిమేళం అన్నిటినీ కప్పేసింది.

బుగ్గలాయన లేచి మా వైపు వచ్చాడు. మా పని అయిపోయిందనుకున్నాను. ఆయన మామయ్య రెండు చేతులూ పట్టుకుని, "శ్రుతినే ఎక్కించుకుంటూ పోవడం నేనెక్కడా వినలేదు బావగారూ. ఎక్కడ నేర్చారు?" అన్నాడు.

"తెనాల్లోనండి" అన్నాడు మామయ్య, చెమట తుడుచుకుంటూ.

డెబ్బైల చివరికి మామయ్య లేడు. నేను బాపట్లలో గుమాస్తానయ్యాను. ఆఫీసులో తోటివాడి చెల్లెలి పెళ్లికని మళ్లీ ఆ ఊరికే వెళ్లాను. పందిట్లో సన్నాయి లేదు, మైకులో రికార్డు. ముహూర్తం దగ్గరపడింది. ఎవరో "రొద పడిందా?" అని కేకేశారు. "పడింది, ఇక కట్టించండి" అని జవాబొచ్చింది. చూద్దును కదా, వెనక మిల్లు తిరుగుతోంది.

పక్కన కూర్చున్న పెద్దావిడను ఇదేమిటని అడిగాను. తమ ఊళ్లో రొద పడందే తాళి కట్టరని, తలంబ్రాల బియ్యం ఆ క్షణానే ఆడించాలని, అది తన అత్తగారి అత్తగారి నాటి ఆచారమని ఆవిడ ఓపిగ్గా చెప్పింది. మా అమ్మమ్మకు కూడా తెలియని అర్థమది. ఉండబట్టలేక, "అసలు సంగతేంటంటే పిన్నిగారూ, ఒక మేక..." అని మొదలుపెట్టాను.

"పెళ్లిలో మేకల మాటలేంటి బాబూ. తెలియకపోతే తెలియదనాలి."

"తెలియదండి" అన్నాను.

అక్షింతలు పట్టుకుని లేచాను. మిల్లు రొద కొంచెం పైకెక్కింది. ఇంకో గంప పోస్తే సరిపోతుంది, వెళ్లి చెబుదామా అనిపించింది. కానీ ఆ తొట్టి దగ్గర ఎవడో ఒక కుర్రాడు ఒళ్లంతా తవుడు చేసుకుని, ఊరి ఆచారమంతా తన భుజాన ఉందనుకుంటూ గర్వంగా నిలబడి ఉంటాడు. అలాగే ఉండనిచ్చాను.